నోటికి తాళం, ఒకటి

కొత్త పెట్టె బిగించిన రోజు

నల్లరేవు తేలువాడ, మాటగది. రాస్తున్నది నూకరత్నం. గాలి నైరుతి నుంచి, మెల్లగా. ఎండ పలకల మీద ఉప్పు తుడిచాను. కరెంటు సరిపడా ఉంది.

రోజూ ఈ మూడు ముక్కలు రాస్తే చాలని ఒడ్డు ఆఫీసు వాళ్ళు చెప్పారు. కానీ మా ఇంట్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సాయంత్రం పని అయ్యాక అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈయేల ఏటి రాసినావో సదువు" అంటుంది. గాలి, ఎండ, కరెంటు అని చదివితే, "ఇంతేనా? దీనికోసమా ఒడ్డున అన్నేళ్ళు సదివినావు?" అంటుంది. అందుకని కొంచెం ఎక్కువగానే రాస్తున్నాను.

పొద్దున ఒడ్డు నుంచి పడవ వచ్చింది. మంచినీళ్ళ వడపోత గుడ్డలతో పాటు కొత్త మాటలపెట్టె తెచ్చింది. పాతది తిరిగి పట్టుకుపోయారు. పాత పెట్టె మనిషి గొంతును ఉన్నదున్నట్టు మోసేది. నాలుగు మాటలు మాట్లాడేసరికి బ్యాటరీ నీరసించేది. వేరే వాడల్లో బంధువులున్నవాళ్ళు వంతులేసుకుని, వంతు వచ్చాక దగ్గుతూ కూర్చుంటే వెనకవాళ్ళు తిట్టేవాళ్ళు.

కొత్త పెట్టెతో ఆ బాధ లేదు. పెట్టె బిగించిన మెకానిక్ చెప్పాడు: "ఇది మాటలన్నీ మొయ్యదమ్మా. మాటలోని సంగతి ఏంటో పట్టుకుని అంతవరకే పంపుతుంది. అవతలి పెట్టె ఆ సంగతిని మళ్ళీ అదే మనిషి గొంతుతో పలుకుతుంది. ఎంతసేపైనా మాట్లాడుకోండి."

అందరికంటే ముందు పెట్టె ముందు కూర్చున్నది మా ఎల్లాజీ మావయ్య. అమ్మకి తమ్ముడు. నాచు పెంచే తాళ్ళకు ముడులు వెయ్యడంలో వాడ మొత్తంలో అతనంత నేర్పరి లేడు. జుట్టు మాత్రం ముందే సెలవు తీసుకుంది. అతనికి గవ్వలదిబ్బ వాడలోని వరహాలుతో పెళ్ళి కుదిరింది.

మా వాడలు నీళ్ళ మీద తేలుతూ తిరుగుతుంటాయి. ఏడాదికోసారి, నీటివాలు తిరిగినప్పుడు, మా వాడా గవ్వలదిబ్బా దగ్గరగా వస్తాయి. అప్పుడు ఇటునుంచి అటు మోకు విసిరి, రెండు వాడల్నీ కట్టేసి కొద్దిరోజులు కలిసి ఉంటాం. సంతలూ పెళ్ళిళ్ళూ అప్పుడే. నిరుడు అలా కట్టినప్పుడే మావయ్య వరహాలును చూశాడు. ఈసారి కట్టినప్పుడు పెళ్ళి.

పలకలు తుడిచిన రోజు

గాలి అలాగే ఉంది. కరెంటు బాగుంది.

ఈ రోజు అమ్మమ్మ వియ్యపురాలితో మాట్లాడింది. వరహాలుకి తల్లిదండ్రులు లేరు. మేనత్త అసిరమ్మ పెంచింది. అమ్మమ్మకూ అసిరమ్మకూ సంబంధం కుదిరిన రోజు నుంచీ ఒకటే యుద్ధం. మా వాళ్ళలో అది పద్ధతి. పెళ్ళి కుదిరాక రెండు వైపుల ఆడవాళ్ళూ ఒకరినొకరు వెక్కిరించుకోవాలి. పిల్ల పొట్టిది, పిల్లాడు బోడివాడు, మీ పులుసులో ఉప్పు లేదు, మీ పాటలో శ్రుతి లేదు. ఎంత బాగా వెక్కిరిస్తే అంత దగ్గరివాళ్ళయినట్టు. మర్యాద చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి.

అమ్మమ్మ పెట్టె ముందు చేరి కొంగు బిగించింది.

"ఏమే అసిరమ్మా, మీ పిల్లకి వంట నేర్పినావా లేదా? నీలాగే నాచు ఉడకేసి సేపల పులుసని మా మొగాన పెడతాదా?"

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. కాసేపటికి అసిరమ్మ గొంతే, ఆవిడ బొంగురే, చివర ఆ చిన్న దగ్గు కూడా.

"మా అమ్మాయి వంట గురించి అడిగినందుకు సంతోషమండి. తను బాగానే నేర్చుకుంటోంది."

అమ్మమ్మ పెట్టె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అండీ అంటాదేటే? నన్నా?"

"ఒంట్లో బాగాలేదేమో అమ్మమ్మా."

"ఒంట్లో బాగా నేకపోతే ఇంకో రెండు ఎక్కువ తిడతాది గానీ, అండీ అంటాదా?"

నీళ్ళతొట్టి కడిగిన రోజు

కొత్త పెట్టె వచ్చాక, అందులో రోజూ వినే సాయంత్రం నాటకం కూడా మారింది. ఇదివరకు చావడిలో ఒకే బూర ఉండేది. అందరం దాని కింద చాపలేసుకుని వినేవాళ్ళం. ఇప్పుడు ఎవరి చెవిపూస వాళ్ళకే. వినేవాళ్ళ ఇష్టాన్ని బట్టి నాటకం తనను తాను మార్చుకుంటుందట. ఇళ్ళలోనే పడుకుని వింటున్నారు.

పొద్దున నీళ్ళ దగ్గర ఎప్పటిలాగే నాటకం గురించి గొడవ మొదలైంది గానీ ముందుకు సాగలేదు. ఒకరి నాటకంలో పెద్దకోడలు పడవెక్కి వెళ్ళిపోయింది. ఇంకొకరి దాంట్లో ఆవిడకి కవలలు పుట్టారు. అమ్మమ్మ అయితే బిందె కింద పెట్టేసి, "నా దాంట్లో అత్త మంచిదైపోనాదే. అత్త మంచిదైతే ఇంక నాటకమేటి, నా పిండాకూడు" అంది.

పెట్టెను అన్నిటికీ తప్పుపట్టను. పక్కింటి నీలవేణి పిన్ని కూతురికి వేరే వాడలో నొప్పులు మొదలైతే, పిన్ని ఇక్కణ్ణుంచి పొద్దస్తమానం ధైర్యం చెబుతూనే ఉంది. పాత పెట్టె అయితే బిడ్డ బయటికి రాకముందే బ్యాటరీ ఆగిపోయేది. పెట్టె మీద నాకు గౌరవమే. గవ్వలదిబ్బ వాళ్ళకి ఏమైందన్నదే అర్థం కావడం లేదు.

నాచు ఆరబెట్టిన రోజు

గాలి కొంచెం పెరిగింది. నాచు వాసన మాటగదిలోకి కూడా వచ్చింది.

మావయ్య రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. తాళ్ళ దగ్గర కూర్చుని వేసిన ముడే మళ్ళీ వేస్తున్నాడు. కంచం తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమైంది మావయ్యా?"

"వరహాలు మాటాడింది."

"మంచిదేగా. ఏమంది?"

"మీరు ఎలా ఉన్నారు అంది." మావయ్య కంచం పక్కకు జరిపాడు. "ఇన్నాళ్ళూ బోడిగుండు బావా అనేది. నా నడక పీత నడకనేది. నాను నవ్వితే సేపలు ఎదురీదుతాయనేది. ఇప్పుడు నాలో ఒక్క తప్పూ కనపడ్డంలేదంట."

"తప్పు కనపడకపోతే మంచిదే కదా?"

"నీకు తెల్దే నూకా. మనిషి మీద మనసున్నప్పుడే గదా అంత పరీక్షగా సూత్తారు."

అమ్మమ్మ కూడా పంతం పట్టింది. వాళ్ళు మర్యాద చేస్తే మనకి చేతకాదా అని, ఈ రోజు పెట్టె ముందు కూర్చుని, "తమరందరూ కులాసాయేనాండి" అంది. జీవితంలో మొదటిసారి ఆవిడ నోట తమరు అన్న మాట విన్నాను. అవతలి నుంచి అంతకంటే మెత్తగా, "తమ దయ వలన అందరం క్షేమమండి" అని వచ్చింది. అమ్మమ్మ లేచి వెళ్ళిపోయింది. ఎవరైనా చనిపోయినప్పుడు నడిచినట్టు నడిచింది.

నీటివాలు రంగు మారిన రోజు

నీళ్ళు పచ్చబడ్డాయి. వాలు తిరుగుతోందని గుర్తు. ఈ వారంలోనే గవ్వలదిబ్బ కనపడుతుంది.

మధ్యాహ్నం అసిరమ్మ గొంతుతో కబురొచ్చింది. "మా వలన తమకి ఇబ్బంది కలగకూడదండి. ఈ ఏడు మోకు వేయడం వీలుకాకపోయినా మేమేమీ అనుకోము."

మోకు వెయ్యకపోతే వాలు గవ్వలదిబ్బను మా పక్కనుంచే లాక్కుపోతుంది. మళ్ళీ ఏడాదికిగానీ తేదు. పెళ్ళి ఆగిపోయిందని ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు.

మావయ్య పెట్టె వైపు చూసి, "పోన్లేమ్మా. ఆళ్ళిష్టం" అన్నాడు.

అమ్మమ్మ కోపంగా, "ఆళ్ళు నన్ను బోడి ముసిలిదానా అన్నా ఊరుకుందును. ఇదేటీ, నన్ను పరాయిదాన్ని సేసేసినారు" అంది.

పెట్టె మూత తీసిన రోజు

నిన్నటి నుంచి ఒక్క సంగతి మనసులో తిరుగుతోంది. అమ్మమ్మకు కోపమొచ్చింది సరే. కానీ అసిరమ్మకు ఎందుకు ఇబ్బంది కలిగింది? మేమేమన్నామని?

పెట్టె పక్క మూత తీస్తే చిన్న బెజ్జం ఉంది. పరీక్ష కోసం పెట్టారు. చెవిపూస తీగ అందులో గుచ్చితే, మన మాట అవతల ఎలా వినపడుతుందో ఇక్కడే వినవచ్చు. దీపం ఎప్పుడూ పచ్చగానే వెలుగుతోందని నేను ఏనాడూ గుచ్చి చూడలేదు. ఈ రోజు గుచ్చి, మొన్న అమ్మమ్మ అన్న మాటల్ని వెనక్కి తిప్పాను.

"మీ అమ్మాయికి వంట వచ్చా అండి? మా కుటుంబానికి చేపల పులుసు ఇష్టం."

అమ్మమ్మ గొంతే. ఊపిరి పీల్చుకోవడం కూడా ఆవిడదే. మాటలు ఎవరివో.

వెంటనే అమ్మమ్మను పిలిచి వినిపించాను.

"నా గొంతెట్టుకుని అబద్దాలాడతాదా ఇది?"

"అబద్ధం కాదు అమ్మమ్మా. నువ్వన్నదాంట్లో సంగతి ఏముందా అని వెతికింది. వంట వచ్చా అని అడిగావని తేల్చుకుంది. అసిరమ్మమ్మ తిట్టినవి కూడా ఇలాగే తేల్చి మనకి చెప్పి ఉంటుంది. ఆవిడ మారలేదు. నువ్వే మారిపోయావని అక్కడ ఆవిడా ఏడుస్తూ ఉంటుంది."

"సంగతి ఎవులిక్కావాలే? దాని పిల్లకి వంటొచ్చని నాకు తెల్దేటి? దాని సేతి కూడు తిన్నాను గదా!"

అప్పటికప్పుడు పెట్టె ముందు కూర్చుని గవ్వలదిబ్బకు విషయం చెప్పాను. నిదానంగా, విడివిడిగా చెప్పాను. మన మాటల్ని పెట్టె మార్చేస్తోందనీ, మర్యాదంతా దానిదే గానీ మాది కాదనీ, మోకు తప్పకుండా వేస్తామనీ. తీగ గుచ్చి విన్నాను. "మా వైపు చిన్న అంతరాయం కలిగింది. చింతిస్తున్నాం. మీ నిర్ణయాన్ని గౌరవిస్తాం."

జవాబు వచ్చింది: "పరవాలేదండి."

తల పెట్టెకు ఆనించాను. చదువుకున్నాననీ, పెట్టె సంగతి నాకే తెలుసనీ వాడంతా నన్ను నమ్మింది. నేను చెప్పిన నిజాన్ని కూడా అది మర్యాదగా నమిలి మింగేసింది.

సరుకులు పంపిన రోజు

ఆకాశం అంచున గవ్వలదిబ్బ స్తంభం కనపడింది. చిన్న పుల్లలా ఉంది. రేపో ఎల్లుండో పక్కకు వస్తుంది.

ఎంత దిగులున్నా రోజువారీ పని ఆగదు. పొద్దున మీటలు నొక్కి రాసిన సరుకుల వరుస పెట్టెలో పంపాలి. మాకు కావలసినవీ, మేం ఇవ్వగలిగినవీ వాడలన్నిటికీ తెలిసేలా పంపుతాం. పేరు, దేనికి, ఎన్ని. జ్వరం బిళ్ళలు, పిల్లలకి, ఒక డబ్బా. గుడ్డలు, వడపోతకి, ఆరు.

పంపి, అలవాటైపోయి తీగ గుచ్చి విన్నాను. ఒక్క అక్షరం మారలేదు! పిల్లలకి అంటే పిల్లలకే. నాకు అప్పుడు తట్టింది. మందుల పేర్లు మారిస్తే ప్రాణాలు పోతాయి. అందుకని సరుకుల వరుసను మాత్రం పెట్టె ముట్టుకోదు. పేరుకీ అంకెకీ మధ్య "దేనికి" అన్న ఖాళీ ఉంది. అందులో ఏం రాసినా ఉన్నదున్నట్టు పోతుంది.

పరిగెత్తుకెళ్ళి అమ్మమ్మను తీసుకొచ్చాను.

"అమ్మమ్మా, వెక్కిరింపులు సరుకులుగా చెప్పు."

"ఏటి?"

"ఒక వస్తువు ఉండాలి. అది దేనికో చెప్పాలి. అంతే."

అమ్మమ్మ ఒక్క క్షణం నన్ను తేరిపార చూసింది. ఆ తర్వాత బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వారం రోజుల నుంచి కడుపులో దాచుకున్నవన్నీ ఆవిడ చెబుతుంటే నా వేళ్ళు అందుకోలేకపోయాయి. చివరికి ఇవి పంపాం:

పంపేవి. తాళం, అసిరమ్మ నోటికి, ఒకటి. జల్లెడ, మీ పిల్ల వండిన పులుసులో ముళ్ళు ఏరుకోడానికి, ఒకటి.

కావలసినవి. దూది, మీ పిల్ల నవ్వితే మా చెవుల్లో కుక్కుకోడానికి, ఒక బస్తా.

నేను నా తరఫున ఒకటి కలిపాను: వల, కొత్త పెట్టె మింగేసిన మన తిట్లన్నీ పట్టి బయటికి లాగడానికి, ఒకటి.

పంపాక గుర్తొచ్చింది. వరుసలో పంపేవని రాసినవి తప్పకుండా ఇవ్వాలి. అది అన్ని వాడలూ ఒప్పుకున్న కట్టుబాటు. అమ్మమ్మతో అన్నాను. "ఇద్దాంలే. ముందు అది నవ్వనీ" అంది.

మధ్యాహ్నమైంది. జవాబు లేదు. మావయ్య గుమ్మం దగ్గర తాడు ముక్క పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ నాచు తాళ్ళ దగ్గర పని మానేసి వచ్చింది. ఎండ వాలేవేళకి పెట్టె కిర్రుమంది. గవ్వలదిబ్బ సరుకుల వరుస. గొంతు చించుకుని చదివాను:

"పంపేవి. దువ్వెన, పళ్ళు లేనిది, పెళ్ళికొడుకు తలకి ఇంతకంటే అక్కర్లేదు గనక, ఒకటి. నిచ్చెన, ఎర్రమ్మ వదిన మా పిల్ల మొహం చూడాలంటే ఎక్కడానికి, ఒకటి."

ఎర్రమ్మ అంటే మా అమ్మమ్మే, మోకాలెత్తు మనిషి. చప్పట్లు కొట్టి, "సూసినావా, సూసినావా! వదినంది!" అని ఎగిరింది.

"ఉండు అమ్మమ్మా, ఇంకా ఉంది. కావలసినవి. మోకు, కొత్తది, పాతది మీ వెక్కిరింపుల్లాగే చివికిపోయి ఉంటుంది గనక, ఒకటి."

మావయ్య తాడు ముక్క వదిలేసి వెళ్ళిపోయాడు. ఏడుస్తున్నాడేమోనని వెనకే వెళ్ళాను. వంటింట్లో నిలబడి గిన్నెలోంచే అన్నం తింటున్నాడు.

తాళం వెతికిన రోజు

గవ్వలదిబ్బలో ఆరేసిన చీరలు కూడా కనపడుతున్నాయి.

ఒడ్డు ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది, సరుకుల వరుసలోనే. తాళం, నోటికి, ఇది వైద్య పరికరమా అని. అబద్ధం రాయకూడదని, "కాదండి. వియ్యపురాలికి" అని జవాబిచ్చాను. ఉద్యోగం పోతుందేమోనని కొంచెం భయపడ్డాను. గంటలో వాళ్ళ వరుసలో కొత్త పద్దు కనపడింది: కావలసినవి. తాళం, మా ఇంట్లోని నోటికీ, ఒకటి.

జల్లెడ దొరికింది. తాళమే దొరకలేదు. తేలువాడలో ఎవరికీ తాళం లేదు. తలుపులకు గుడ్డ పరదాలే కదా. మావయ్య తాడుతో తాళంలాంటిది అల్లుతానన్నాడు. అమ్మమ్మ తన బట్టల పెట్టె అడుగునుంచి ఒక మూట తీసి విప్పింది. ఇత్తడి తాళం. పాత నల్లరేవులో వాళ్ళింటిది. ఆ ఇల్లు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. ఊరు వదిలిన రోజు తలుపుకి వేద్దామని చేతిలోకి తీసుకుని, వేసి ఏం లాభమని అలాగే వెంట తెచ్చేసుకుందట. తాళంచెవి అప్పటి నుంచీ ఆవిడ కొంగుకే ఉంది. ఏ చీర కట్టినా ముందు ఆ ముడి వేసుకుంటుంది. అది దేనిదో నేనెప్పుడూ అడగలేదు.

"ఇది ఇచ్చేస్తావా అమ్మమ్మా?"

"రాసిందియ్యాల గదా" అని కొంగుతో తాళాన్ని తుడవడం మొదలుపెట్టింది.

మోకు వేసిన రోజు

గాలి లేదు. ఎండ బాగుంది. కరెంటు చూడలేదు.

మోకు మావయ్యే విసిరాడు. మొదటిసారి నీళ్ళలో పడింది. గవ్వలదిబ్బ అంచున నిలబడిన వరహాలు, "ఆ చేత్తోనేనా బావా రేపు తాళి కట్టేది?" అని అరిచింది. ఇటు వాడా అటు వాడా ఒక్కసారే నవ్వాయి. రెండోసారి మోకు సూటిగా వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

పలక వంతెన వేయగానే ముందుగా దాటి వచ్చింది అసిరమ్మ. చంకలో పళ్ళు లేని దువ్వెన, వెనక ఇద్దరు మనుషులు మోస్తున్న నిచ్చెన. అమ్మమ్మ ఎదురెళ్ళింది. ఇద్దరూ దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఇన్ని రోజుల మర్యాద మధ్యలో అడ్డంగా నిలబడినట్టుంది.

అమ్మమ్మ తాళం ముందుకు చాచింది. "ఇదిగో. నీ సరుకు."

అసిరమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పాత ఇత్తడని, ఇంటి తాళమని తెలిసిపోయినట్టుంది. మెడలోని పూసలదండలోంచి దాన్ని దూర్చి టక్కున నొక్కేసింది. తాళం గుండెల మీద వేలాడింది.

"తాళంచెవేదే వదినా?"

"నా కొంగుకుంది. నీకు నోరు తెరవాలనిపించినప్పుడల్లా నా దగ్గరికి రావాల."

అసిరమ్మ కళ్ళు తుడుచుకుంది. ముక్కు కూడా తుడుచుకుంది. "అయితే ఇప్పుడే తియ్యే పొట్టిదానా. బోలెడు పోగుపడిపోనాయి."

అప్పటి నుంచి చావడిలో చాపల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు వాడల ఆడవాళ్ళూ చెరో వైపు చేరారు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ రాద్దామనుకున్నాను. అందడం లేదు. గవ్వలదిబ్బ వాళ్ళు ఎక్కువమంది వచ్చారు, మావైపు గొంతులు తగ్గుతున్నాయి. అమ్మమ్మ ఇటు తిరిగి, "ఆ రాతలాపి రాయే నూకా! అన్నేళ్ళు సదివినావు, ఒక్క మాట అందియ్యలేవా?" అని పిలుస్తోంది.

ఆపేస్తున్నాను.